పరదేశపు పైకము

నెల్లూరు అన్నంతనే తెలుగువానికి తిక్కన సోమయాజి, పెన్నానది, మొలగొలుకుల బియ్యము స్ఫురించును. బ్రెజిలు దేశములోని రైతునకు ఆ పేరు వినిపించినచో వాని మనసున మెదలునది మూపురము గల ఒక తెల్లని ఎద్దు. ఆ పశువును అచ్చట 'నెలోరి' అని పిలుతురు. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న ఓడ యొకటి దారిలో బహియా రాష్ట్రపు సాల్వడారు రేవున ఆగగా, అందున్న మన తీరపు పశువులు రెండు అక్కడ అమ్ముడుపోయినవని ఆ దేశమువారు చెప్పుకొందురు. ఆ జాతికి మనము పెట్టుకొన్న పేరు ఒంగోలు. ఒంగోలు తాలూకా ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఆ తరువాత పలుమారులు కొనిపోయిన పశువులతో ఆ జాతి బ్రెజిలులో కోట్లకొలది పెరిగి, అచ్చటి మాంసపరిశ్రమకు ఆధారమైనది. ఇచ్చట మాత్రము ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఒంగోలు గిత్తకు పని తగ్గినది. బండలాగు పందెములనాడు తప్ప దానిని కనులార చూచు భాగ్యము మన పిల్లలకు అరుదైనది.

మేలైన గిత్త ఊరు దాటినచో అమ్మినవానికి ఒకసారి ధర ముట్టును, అంతటితో సరి. మేలైన పనివాడు ఊరు దాటినచో లెక్క అంత సులభముగా తెగదు. వాడు నెలనెలా పైకము పంపును. రెండు మూడేండ్లకొకసారి పెట్టెలతో దిగును. తిరిగి పోవునప్పుడు బావమరదినో తమ్మునినో వెంటబెట్టుకొని పోవును. ఆ పైకమువలన ఊరికి కలిగిన మేలెంత, ఆ పనివాడు లేనందున కలిగిన లోటెంత అన్న ప్రశ్నకు నెల్లూరు సముద్రతీరమున పలు కుటుంబములు ఈనాటికిని జవాబు వెదకుకొనుచున్నవి.

ఉత్తరమున రామాయపట్నమునుండి దక్షిణమున పులికాటు సరస్సుదాకా సాగు ఈ నేల రూపురేఖలు మొదటినుండి చివరివరకు ఇంచుమించు ఒక్కటే. సముద్రము, ఇసుకమెట్టలు, సరుగుడు తోపులు, వాటి వెనుక బకింగ్‌హాము కాలువ, కాలువ దాటిన తరువాత ఉప్పుమళ్ళు, రొయ్యల గుంటలు, ఆపైన వరిమాగాణి. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు కందుకూరు ప్రాంతము నెల్లూరులో చేరినది, సూళ్ళూరుపేట ప్రాంతము తిరుపతి జిల్లాకు పోయినది. జనుల రాకపోకలకు ఆ హద్దులతో నిమిత్తము లేదు. తుమ్మలపెంట, ఇసుకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నము వంటి ఊళ్ళ చుట్టుప్రక్కల పల్లెలలో తిరుగువానికి ఒక వింత కనబడును. తాటాకు పాక ప్రక్కనే గులాబిరంగు పూసిన మేడ, మేడకు తాళము. పాక వాకిట ముసలమ్మ యొకతె ఎండుచేపలకు కాకులను తోలుచుండును. ఆ మేడ పరాయివారిది కాదు, ఆమె కొడుకుదే. కొడుకును కోడలును కువైటులో నున్నారు. మేడలో ఒంటరిగా నిదురపట్టదని ఆమె పాకలోనే ఉండును.

దేశాంతరము పోవుట ఈ తీరమునకు క్రొత్త కాదు. మొట్టమొదటి దేశాంతరము చెన్నపట్టణమే. 1806లో మద్రాసువద్ద చిన్న కాలువగా ఆరంభమైన ఉప్పుకాలువను, 1877–78 నాటి ఘోరమైన కరవులో కూలికై వచ్చిన క్షుధార్తులచేత త్రవ్వించి, పెన్నా కృష్ణా నదుల నడుమ సాగదీసిరి. అప్పటి మద్రాసు గవర్నరైన బకింగ్‌హాము ప్రభువు పేరు దానికి నిలిచిపోయినది. నెల్లూరు తీరపు ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యము ఆ కాలువమీదుగా పట్టణము చేరెడివి. గాలి వాలు చూచి తెరచాప ఎత్తుట, గాలి పడిపోయినప్పుడు గడ వేయుట, గడకు అందనప్పుడు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగుట, ఇవన్నియు తండ్రివద్ద కొడుకు నేర్చిన విద్యలు. 1899లో మద్రాసు, బెజవాడల నడుమ రైలు నడచినది. అటుపిమ్మట రోడ్లమీద లారీలు వచ్చినవి. 1965–66లోను, 1976లోను వచ్చిన తుపానులు కాలువను చెరచినవి. దానితో పడవవారి విద్యకు గిరాకి పోయినది. గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలోను ఇదే జరిగినది. అభ్రకపు దిమ్మను కత్తిమొనతో రేకులురేకులుగా చీల్చుటలో అచ్చటి స్త్రీలకు గల హస్తకౌశలము ఒకప్పుడు దూరదేశముల విద్యుత్పరికరములకు పనికివచ్చినది; గిరాకి తగ్గగానే ఆ కౌశలము చేతిలోనే ఉండిపోయినది. విద్య నశించుటకు పనివాడు ఊరు విడువనక్కరలేదు, పని ఊరు విడిచినను చాలునని ఈ తీరము ముందే ఎరుగును. గల్ఫు దేశముల కథ వినునప్పుడు ఈ సంగతి మరువరాదు. పోయినవారందరును పచ్చగానున్న బ్రతుకును వదలి పోయినవారు కారు.

సముద్రముమీది ప్రయాణములును పాతవే. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ ఆ యేడు నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. నేటాలు చెరకుతోటలకు మన ఒడంబడిక కూలీలను మొదట చేర్చిన ఓడ అది. దాని వెనుక ఏండ్లతరబడి సాగిన ఓడల పట్టికలలో ప్రతి కూలీ పేరునకు ఎదురుగా తండ్రిపేరు, కులము, జిల్లా, గ్రామము వ్రాసిరి. నెల్లూరు జిల్లా పేరును ఆ పట్టికలలో కనబడుచున్నది. తిరిగి వచ్చినవారు వచ్చిరి, తక్కినవారి సంతతి అచ్చటనే స్థిరపడి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నది. ఉత్తర సర్కారులవారికి రంగమెట్లో, నెల్లూరు తీరమువారికి చెన్నపట్టణమట్లు. విశాఖ, గోదావరి మండలములనుండి రంగూనుకు పోయి ఓడరేవులలోను, ధాన్యపు మరలలోను పనిచేసి మనియార్డర్లు పంపినవారిలో ఎందరో 1942లో జపానువారు బర్మాపై బడినప్పుడు అడవిదారులవెంట కాలినడకన తిరిగి వచ్చిరి, దారిలో రాలిపోయినవారు రాలిపోయిరి. రంగము డబ్బుతో కట్టిన ఇండ్లు నిలిచినవి గాని ఆ డబ్బు వచ్చు త్రోవ ఒక్క యేట మూసికొనిపోయినది. పరదేశపు పైకమునకున్న ఈ స్వభావమును మన పెద్దలు ఎరుగుదురు.

1973లో చమురుధర హెచ్చిన పిమ్మట అరబ్బు దేశములలో రోడ్లు, భవనములు, రేవులు ఒక్కసారి లేవనారంభించినవి. కట్టుటకు చేతులు కావలసివచ్చినవి. ఆంధ్రదేశమున కడప, చిత్తూరు, ఉభయగోదావరి, నెల్లూరు జిల్లాలనుండి కువైటునకు దారి పడినది. తెలంగాణమున కరీంనగరు, నిజామాబాదు జిల్లాలవారు దుబాయి దారి పట్టిరి. మొదట మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు, దర్జీలు. తరువాత ఇండ్లలో వంటకును, పిల్లల పెంపకమునకును స్త్రీలు. కువైటుకు పోవువారి నోట రెండు అంకెలు తరచుగా వినబడును. పదునెనిమిదవ నంబరు వీసా కంపెనీ పనికి, ఇరువదవ నంబరు వీసా ఇంటిపనికి. ఆ దేశపు నివాసశాసనములోని ఆయా అధికరణముల సంఖ్యలవి. శాసనము పేరైనను ఎరుగని పల్లెవారు దాని సంఖ్యలను మాత్రము కంఠస్థము చేసిరి.

ఒక తాపీమేస్త్రి కుటుంబమును ఊహింతము. ఇట్టి కుటుంబములు తీరమున ఊరూర కలవు. వాడు పండ్రెండవయేట సున్నము, ఇసుక మోయుటతో పనిలో దిగినవాడు. మూడు నాలుగేండ్లకు వాని చేతికి తాపీ ఇచ్చిరి. గోడ నిలువు చూచుటకు గుండు, అడ్డము చూచుటకు రసమట్టము పట్టుట మరి రెండేండ్లకు వచ్చినది. స్వయముగా ఇల్లు కట్టి ఒప్పజెప్పగల మేస్త్రి అగునప్పటికి ఇరువదియైదేండ్లు వచ్చినవి. ఈ పదిపండ్రెండేండ్ల శిక్షణకు వానికి ఎవ్వరును జీతమిచ్చి చదువు చెప్పలేదు. ఖర్చంతయు ఊరు పెట్టుకొన్నది. అనగా వాడు వంకరగా కట్టిన గోడలు, వృథాచేసిన సున్నము, మరల కూల్చి కట్టించుకొన్నవారి ఓపిక, ఇవియే ఆ ఖర్చు. పని చేయి తిరిగిన మరుసటియేడే వాడు విమానమెక్కును.

ఎక్కుటకు ముందు అప్పు. భారతప్రభుత్వపు నియమము ప్రకారము ఏజెంటు ఒక కార్మికునివద్ద 30,000 రూపాయలకు, దానిపై పన్నునకు, మించి పుచ్చుకొనరాదు. పల్లెలలో జరుగు బేరములు ఈ నియమమును లెక్కచేయవు. వీసాకు ఒక ధర, చీటికి ఒక ధర, నడుమ మనిషికి ఒక ధర. నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము అది. కనుక తొలియేడు పంపిన పైకమంతయు వచ్చిన త్రోవనే వడ్డీవానికి పోవును. రెండవయేట ఆలి మెడలోని తాకట్టు విడిపించును. తరువాత చెల్లెలి పెండ్లి. నాలుగవయేట ఇంటికి పునాది. పూర్వము ఆ పైకము రిజిస్టరు కవరులో డ్రాఫ్టుగా వచ్చెడిది. పోస్టుజవాను గడపలోనికి రాగానే ఇరుగుపొరుగునకు తెలిసిపోయెడిది. హుండీవారి చేతులమీదుగా చాటున వచ్చినదియు కొంత కలదు. నేడు చేతిలోని ఫోనులో ఒక్క గంట మ్రోగును, అంతే. 2024లో ఒక కువైటు దినారు సుమారు 270 రూపాయలకు మారినది. ప్రపంచమున అంతటి మారకపు విలువ గల నాణెము మరియొకటి లేదు. పల్లెలోని వృద్ధులును ఆ ధరను వేరుసెనగ ధరవలె విచారించుచుందురు.

ఇక్కడ చోద్యమేమనగా, ఆ మేస్త్రి తన ఇంటిని తాను కట్టుకొనలేడు. వాడు పరుల మేడలకు రాళ్ళు పరచుచు కువైటులో నుండును. వాని మేడను ఒరిస్సానుండియో, బీహారునుండియో వచ్చిన మేస్త్రి కట్టిపోవును. కృష్ణపట్నము రేవు 2008లో క్రొత్తగా ఆరంభమైనది మొదలు, చుట్టుప్రక్కల విద్యుత్కేంద్రములు వెలసినది మొదలు, అట్టి పనివారి రాక హెచ్చినది. తన ఊరిని విడిచి వచ్చిన ఆ ఒరియా మేస్త్రికిని వెనుక ఒక ముసలితల్లి ఉండకపోదు. కువైటులో మనవాని పనియు వాడు నేర్చిన పనియే అను నమ్మకము లేదు. గోడ నిలువు చూడగలవానిని బస్తాలు మోయుటకు పెట్టవచ్చును. దర్జీ ఇంటి డ్రైవరగును, వడ్రంగి తోటమాలి యగును. పదేండ్ల తరువాత తిరిగివచ్చి తాపీ పట్టుకొన్నచో చేయి తడబడును. ఊరు పోగొట్టుకొన్న విద్య పరదేశమునకైనను పూర్తిగా దక్కలేదన్నమాట.

స్త్రీల కథ ఇంతకంటె చిక్కైనది. పరాయియింట పసిబిడ్డను పెంచుటకు పోయిన తల్లి తన బిడ్డను తన తల్లియొడిలో దించి పోవును. అవ్వ పెంపకమున ప్రేమకు కొరత ఉండదు. చదువు చెప్పించుటకు, కాయితములమీద సంతకము పెట్టుటకు, ఎదుగుచున్న పిల్లవానిని అదలించుటకు మాత్రము ఆమె వలన కాదు. 2015లో కువైటు ప్రభుత్వము 68వ సంఖ్య గల చట్టముచే ఇంటిపనివారికి వారమున కొక సెలవుదినమును, రోజునకు పండ్రెండు గంటలకు మించని పనిని విధించినది. మరుసటియేడు నెలకు 60 దినారులు కనీసవేతనముగా నిర్ణయించినది. 2024 నాటి మారకమున అది పదహారువేల రూపాయలకు కొంచెము పైన. చట్టము మంచిదే. కాని యజమానియే పూచీదారుగా నుండు కఫాలా పద్ధతిలో, వాని యిల్లు విడిచి బయటికి వచ్చిన మరుక్షణము ఆ స్త్రీ 'పారిపోయినది'గా లెక్కకు వచ్చును. నాలుగు గోడల నడుమ పండ్రెండు గంటలను లెక్కించువా రెవ్వరు? భారతప్రభుత్వము ఇట్టి పనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండియుండవలెనని నియమము పెట్టినది. 2016 తరువాత ప్రభుత్వ సంస్థలద్వారానే పోవలెనన్నది. ఆంధ్రప్రదేశమునకు ఓంక్యాప్ అను సంస్థ అట్టిది. అయినను సందర్శకుల వీసాపై పోయి అచ్చట పనిలో చేరువారు ఆగలేదు.

తెలుగులో మనము దరిద్రుని గరీబు అందుము. ఆ మాట అరబ్బీనుండి వచ్చినది. అక్కడ దాని మొదటి అర్థము దరిద్రుడు కాదు, పరాయిచోటివాడు, పరదేశి. మన పరదేశి శబ్దమునకును ఇట్టి గతియే పట్టి, దిక్కులేనివాడను అర్థము వచ్చి చేరినది. ఈ అరబ్బీ ధాతువునుండియే పుట్టిన మరొక మాట తురుష్కులద్వారా ఐరోపాఖండములోని అల్బేనియా దేశము చేరి, అచ్చట 'కుర్బెత్' అయినది. పొట్టకూటికై పరదేశము పోవుట అని దాని అర్థము. నెల్లూరు తీరమునకును అల్బేనియాకును పొంతన యేమని అడుగవచ్చును. పొంతన కలదు.

నలుబదియైదేండ్లు తలుపులు మూసికొని కూర్చున్న ఆ చిన్నదేశమున ప్రభుత్వము కూలినంతనే జనులు ఓడలకు ఎగబ్రాకిరి. 1991 ఆగస్టు 8వ తేదీన వ్లోరా అను సరకుల ఓడపై సుమారు ఇరువదివేలమంది ఇటలీలోని బారి రేవులో దిగిరి. ఇటలీవారు వారిలో పెక్కురను త్రిప్పి పంపిరి. వారు మరల పోయిరి. ఇటలీలో, గ్రీసులో తాపీపని, తోటపని, ఇంటిపని చేసి పంపిన పైకముతో ఆ దేశము 1990వ దశకమున ఊపిరి పీల్చినది. ఊపిరి పీల్చినంతలో ఆ పైకమునకు అధికవడ్డీల ఎర వేసిన కంపెనీలు పుట్టినవి. ఇండ్లు, పశువులు అమ్మి వాటిలో పెట్టినవారును కలరు. 1997లో అవి కూలగా దేశమంతట అల్లకల్లోలము చెలరేగి వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఈనాడు అల్బేనియాను కలవరపెట్టుచున్నది కూలీల వలస కాదు, వైద్యుల వలస. వైద్యకళాశాలనుండి బయటపడినవారు జర్మనీ దారి పట్టుచుండగా, 2023లో ఆ ప్రభుత్వము చదువు ముగిసిన వైద్యులు కొన్నియేండ్లు స్వదేశమున పనిచేయవలెనని శాసనము చేసినది. విద్యార్థులు దానిని ఎదిరించి వీధులకెక్కిరి. ఆ యేటి జనాభాలెక్కలో ఆ దేశమున తేలినవారు సుమారు 24 లక్షలమంది; 1989లో ఉన్నవారు దాదాపు 32 లక్షలు. నాల్గింట ఒకవంతు తరిగిపోయినదన్నమాట. మన నెల్లూరు జిల్లాలోనే అంతకు తక్కువకాని జనము కలరు.

మనదేశము పెద్దది కనుక ఇట్టి తరుగు మన కంటికి ఆనదు. ప్రపంచబ్యాంకు లెక్క ప్రకారము 2024లో ప్రవాసులు భారతదేశమునకు పంపిన పైకము సుమారు 12,900 కోట్ల డాలర్లు. ఏ దేశమునకును ఇంత ముట్టలేదు. 2023–24 సంవత్సరమునకు రిజర్వుబ్యాంకు చేసిన పరిశీలనలో ఆ పైకమున కువైటు వంతు నూటికి 3.9, అమెరికా వంతు 27.7. ఆంధ్రప్రదేశమునకు చేరినది నూటికి 4.4, తెలంగాణమునకు 8.1, కేరళమునకు 19.7. ఈ అంకెలలో ఒక పాఠమున్నది. నెల్లూరు మాగాణి రైతుబిడ్డ ఇంజనీరై అమెరికా పోయినచో వాడు సంపాదించునది మెండు, కాని అతని పైకము పట్టణమున స్థలముగానో, హైదరాబాదున ఇల్లుగానో మారును. కువైటులో పాచిపని చేయు తల్లి పంపు పైకము చిన్నది, అది నేరుగా పల్లెలోని బియ్యపు డబ్బాలోనికిని, మందుల అంగడికిని, కాన్వెంటు బడికిని పోవును. మొదటివాని చదువుకై ప్రభుత్వము పెట్టిన ఖర్చును విద్యావంతులు సభలలో లెక్కవేయుదురు. మేస్త్రి శిక్షణకై పల్లె పెట్టిన ఖర్చును ఇంతవరకు లెక్కవేసినవారు అరుదు. పోవువారివలెనే వచ్చువారును కలరనుట కూడ న్యాయము. 1971లో శ్రీహరికోట దీవిలో రాకెట్టు కేంద్రము వెలసినది మొదలు దేశములోని నలుమూలల శాస్త్రజ్ఞులు ఈ తీరమునకే వచ్చి కాపురముండిరి. ఆకాశమునకు ఉపగ్రహములను పంపు దీవి కెదురుగా, పులికాటు గట్టున, చేపలు చాలక పడవను ఒడ్డుకు లాగి పట్టణము బస్సెక్కువారు కలరు.

ఈ పైకము ఎంత చంచలమో 1990 ఆగస్టు 2వ తేదీ చూపినది. ఆనాడు ఇరాకుసేనలు కువైటును ఆక్రమించినవి. దినారు చిత్తుకాగితమైనది. జీతములు యజమానులవద్ద చిక్కుకొన్నవి. ఎడారిదారిన బస్సులలో జోర్డాను చేరి అమ్మాను విమానాశ్రయమున పడిగాపులు కాచిన మనవారిని ఎయిర్ ఇండియా విమానములు రెండు నెలలపాటు అవిశ్రాంతముగా తిరిగి బొంబాయి చేర్చినవి. అట్లు వచ్చినవారు లక్షకు పైబడిరి. పల్లెలలో సగము లేచిన గోడలు ఆగిపోయినవి. గల్ఫు పైకము తగ్గుట, చమురుధర పెరుగుట కలిసి దేశపు విదేశమారక నిధిని ఊడ్చివేయగా 1991లో ప్రభుత్వము బంగారమును విదేశీబ్యాంకులవద్ద కుదువబెట్టినది. పల్లెలో ఆలి మెడలోని గొలుసు తాకట్టు పోయిన యేడే దేశపు బంగారమును తాకట్టు పోయినది! యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన నష్టపరిహార సంఘమువలన మనవారికి కొంత సొమ్ము అందినది. ఆ తరువాత 2020లో మహమ్మారి మరియొక దెబ్బ. 2024 జూను 12వ తేదీ తెల్లవారుజామున కువైటులోని మంగాఫులో కార్మికులు నివసించు భవనమున నిప్పంటుకొని 45 మంది భారతీయులు మరణించిరి. వారిలో ముగ్గురు ఆంధ్రులు. ఒక్కొక్క గదిలో ఎందరు పరుండెడివారో లోకమునకు ఆనాడు తెలిసినది. ఫోటోలో కువైటు మేడలనే చూపి పడకను చూపని కొడుకులను తల్లిదండ్రులు తరువాత ఏమడిగిరో!

ఇన్ని ఇక్కట్లు తెలిసియు పోవుట ఆగదు. ఆగవలెననుటయు సబబు కాదు. తీరమున అందరికంటె పేదలు పోవుచున్నారనుకొనుట పొరపాటు. పాసుపోర్టు కావలెను, అప్పు పుట్టవలెను, దారి చెప్పు బంధువు కావలెను. పులికాటు గట్టున, కాలువ గట్టున పీతలు పట్టి బ్రతుకు యానాదులలో ఇటీవలివరకు ఏ ఆధారపత్రమును లేని కుటుంబములు ఎన్నో ఉండెడివి. వారికి అప్పిచ్చువాడు లేడు గనుక పరదేశమును లేదు. పరదేశము పోగలుగుట యొక మెట్టు. ఆ మెట్టున కాలు పెట్టినవాని పిల్లలు చదువుకొనుచున్నారు. మేస్త్రి కొడుకు డిప్లొమాలో చేరినాడు, కూతురు నర్సు చదువుచున్నది. గులాబిరంగు మేడకంటె ఈ చదువు నిలుకడైన ఆస్తి. దానికి కారణము దినారే గదా.

ఈ వ్యవహారమున బడిపంతులుకు ఒక పాత్ర కలదు, దానిని ఆయన చాలమారు ఎరుగడు. మన పాసుపోర్టులు రెండు తెరగులు. పదవతరగతి గట్టెక్కనివాడు కువైటు మొదలైన కొన్ని దేశములకు పనికి పోవలెనన్నచో 1983 నాటి వలసచట్టము ప్రకారము ప్రభుత్వ అనుమతి పొందవలెను. గట్టెక్కినవానికి ఆ నిర్బంధము లేదు. అనుమతి పొందుట తొందరపాటు వీసాలకు అడ్డుకట్ట గనుక దానిని శిక్షగా భావింపరాదు. దానితోపాటే ప్రవాసి భారతీయ బీమా లభించును. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో పది లక్షల రూపాయల బీమా అది. ఏజెంటుకు లక్షలు పోయువాడు ఈ మూడువందల సంగతి వినియుండడు. పదవతరగతి ధృవపత్రము గలవాడు మాత్రము తన కన్నులే తనకు కాపలా. ఒడంబడిక అరబ్బీలో ఉన్నప్పటికిని దాని ఇంగ్లీషు ప్రతిని చదివి జీతమెంతో, గంటలెన్నో, ఏ నంబరు వీసాయో గ్రహించుకొనగల చదువు వానికి బడిలోనే వచ్చియుండవలెను.

మరి, బడి విడిచిన చాలకాలమునకు ఒక స్త్రీ పిల్లను చంకన పెట్టుకొని ప్రధానోపాధ్యాయుని గదికి వచ్చును. ఆమెకు తాను చదివిన అయిదవ తరగతి రికార్డు షీటు కావలెను. అందు పుట్టినతేది కావలెను. ఆ తేది ప్రకారము ఆమెకు ఇరువదియేడేండ్లు. ముప్పది నిండినట్లు వ్రాసియిచ్చిన పుణ్యముండునని ఆమె చేతులు జోడించును. వెలుపల వేపచెట్టు క్రింద తెల్లచొక్కా ఏజెంటు నిలుచుండి ఫోనులో మాటలాడుచుండును. పంతులు బీరువా తెరచి, చెదలు పట్టిన అడ్మిషను రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, ఆమె పేరున్న పుట వెదకును. ఆ పేరు ప్రక్కన తండ్రి వేసిన వేలిముద్ర కాలువ పడవలు నడచిన నాటి గడ పట్టి కాయలు కాచిన బొటనవ్రేలిది.